ఆమదాలవలస నుంచి డాలస్‌కు: ఇరవై రెండు గంటల రాత్రి

మా ఊళ్ళో టికెట్లు తీసిపెట్టే ఒకాయన కాగితం నా చేతికిచ్చి, “మంగళవారం రాత్రి 9:50కి హైదరాబాదులో ఎక్కుతారు మేడం, బుధవారం పొద్దున్న 9:40కి డాలస్‌లో దిగిపోతారు. పన్నెండు గంటలు కూడా లేదు” అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు ఎంత సంబరపడిందో! “ఓలమ్మ, పన్నెండు గంటలేనా! ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాదు ఎల్లాలన్నా అంతకంటే ఎక్కువ పడతాది గదే. బేగి ఎల్లి బేగొచ్చీ” అంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. మనవరాలు అంత దగ్గరలోనే ఉందా అని ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

నాకు మాత్రం ఆ పన్నెండు గంటలు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. భూమికి అవతలి వైపు ఉన్న ఊరు ఒక్క రాత్రిలో వచ్చేస్తుందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి అక్టోబరు మధ్యలో పురుడు. నేను వెళ్ళేది 2024 సెప్టెంబరు 24న. నాకు అరవై మూడేళ్ళు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. అత్తగారినీ ఆవుల్నీ వదిలి మావారు రాలేరు కాబట్టి ఒక్కదాన్నే వెళ్ళాలి. ఎన్ని గంటలు కూర్చోవాలో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు తినాలో తెలియకుండా బయలుదేరడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు నేను పని చేసిన స్కూలుకు వెళ్ళాను. అక్కడ ముప్పై సెంటీమీటర్ల గ్లోబు ఒకటుంది. జాకెట్లు కుట్టే నల్లదారం, స్కేలు సంచిలో పెట్టుకెళ్ళాను. తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కల పీరియడ్‌లో ఖాళీగా ఉన్నారు. వాళ్ళ మధ్యనే బల్ల మీద గ్లోబు పెట్టాను.

ముందు భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలిచాం. 94 సెంటీమీటర్లు. అసలు భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. అంటే దారం మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. ఇప్పుడు దారం ఒక కొస హైదరాబాదు మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగమన్నాను. ఒక అబ్బాయి దారాన్ని అరేబియా సముద్రం మీదుగా, ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ మీదుగా తీసుకెళ్ళాడు. గోడ మీది మ్యాపులో దారి అలాగే కనిపిస్తుంది మరి. “గట్టిగా లాగు” అన్నాను. లాగుతున్న కొద్దీ దారం తనంతట తనే పైకి జారిపోయింది. కజకిస్తాన్, రష్యా దాటి, ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్ళి, కెనడా మీదుగా దిగి డాలస్ దగ్గర ఆగింది. పిల్లలందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు.

“మేడం, అమెరికా పడమర కదా, ఉత్తరానికి పోతాదేటి?” అన్నాడు ఆ అబ్బాయి.

కాగితం మీద సరళరేఖ వేరు, బంతి మీద దగ్గరి దారి వేరు. బంతిని సరిగ్గా సగానికి కోస్తే వచ్చే పెద్ద వృత్తం మీదే రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ఉంటుంది. ఇరవై ఏళ్ళు బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పిన మాట, ఆ దారం జారడం చూశాక వాళ్ళకు ఒక్క నిమిషంలో అర్థమైంది. హైదరాబాదు రేఖాంశం 78 డిగ్రీలు తూర్పు, డాలస్‌ది 97 పడమర. కలిపితే 175. అంటే ఒక ఊరికి ఇంకొకటి దాదాపు ఎదురుగా, భూమికి ఆ పక్కన ఉంది. అందుకే దగ్గరి దారి ధ్రువాన్ని ఆనుకుని పోతుంది.

కొలిస్తే 34 సెంటీమీటర్లు వచ్చింది. 34ను 425తో గుణిస్తే 14,450 కిలోమీటర్లు. అక్షాంశ రేఖాంశాలతో తరవాత ఇంట్లో కూర్చుని కట్టిన లెక్క కూడా 14,400 దగ్గరే తేలింది. కానీ నా టికెట్ దుబాయ్ మీదుగా, అక్కడ దిగి ఇంకో విమానం ఎక్కాలి. హైదరాబాదు నుంచి దుబాయ్‌కు 6 సెంటీమీటర్లు, సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డాలస్‌కు ముప్పైన్నర, సుమారు 12,900 కిలోమీటర్లు. మొత్తం పదిహేనున్నర వేలు. మధ్యలో దుబాయ్‌లో దిగి ఎక్కినందుకు దారి వెయ్యి కిలోమీటర్లే పెరిగింది. అది నేను అనుకోలేదు. చుట్టూ తిరిగి పోతున్నామనే అనుకున్నాను.

వెనక బెంచీ అమ్మాయి ఒకర్తి, నిజంగానే ధ్రువం మీదుగా విమానాలు పోతాయా అని అడిగింది. పోతాయి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటిసారి ఆగకుండా నడిపిన విమానం అలాగే వచ్చింది, దాదాపు 14 వేల కిలోమీటర్లు. కాక్‌పిట్‌లో ఉన్న పైలట్లు అందరూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం, ఆమెతో పాటు ఉన్నవాళ్ళలో మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి ఒకరు. ఈ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాలి మీరు.

దూరం తేలింది. ఇక సమయం. ప్రయాణికుల విమానం పైకి లేచాక గంటకు 850, 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దూరాన్ని 850తో భాగించి, లేవడానికీ దిగడానికీ ఇంకో అరగంటో ముప్పావుగంటో కలుపుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. విశాఖ నుంచి హైదరాబాదు 510 కిలోమీటర్లు, గంటంబావు. హైదరాబాదు నుంచి దుబాయ్ మూడున్నర, నాలుగు గంటలు. దుబాయ్ నుంచి డాలస్ పదహారు గంటలు. మధ్యలో ఆగే సమయం కలపకుండానే ఇరవై గంటలు దగ్గరకొచ్చేసింది. మరి టికెట్ మీద పన్నెండు గంటలు ఎక్కడివి?

టికెట్ మీద వేసే వేళలన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. ఎక్కే వేళ మన గడియారంలో, దిగే వేళ వాళ్ళ గడియారంలో. ఆ రెండింటినీ నేరుగా తీసివేయకూడదు. నేను చేసిన పని ఒక్కటే: అన్ని వేళల్నీ మన వేళలోకి మార్చుకుని ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డాలస్ సెప్టెంబరులో మనకంటే పదిన్నర గంటలు వెనక. రాత్రి 9:50కి ఎక్కితే దుబాయ్‌లో దిగేది అక్కడి వేళ 12:10, మనకు 1:40. మళ్ళీ ఎక్కేది అక్కడ 2:40, మనకు తెల్లవారుజాము 4:10. డాలస్‌లో దిగేది అక్కడ ఉదయం 9:40, మనకు బుధవారం రాత్రి 8:10. మంగళవారం రాత్రి 9:50 నుంచి బుధవారం రాత్రి 8:10 దాకా ఇరవై రెండు గంటల ఇరవై నిమిషాలు. పన్నెండు కాదు.

అత్తగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి మా మామగారి పాత పెట్టె తీసింది. అందులో పొందూరు ఖద్దరు పంచెలు ఆరున్నాయి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపింది. అంచులన్నీ వేరుగా తీసి, మిగతాది మూరెడు మూరెడు చొప్పున పొత్తిగుడ్డలు చేసి మడిచింది. “అంత దూరం ఎల్తన్నావు గదా, మీ మావ గుడ్డలు గుంటకి సుట్టు” అంది. ముప్పై రెండు ముక్కలు. తూకం వేస్తే కిలో లేదు.

తూకం మాటకొస్తే, విశాఖ నుంచి హైదరాబాదుకు విమానంలో వెళ్ళకపోవడానికి కారణం అదే. అమెరికా టికెట్‌కు ఒక్కొక్కటి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు తీసుకెళ్ళనిచ్చారు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కు మామూలుగా 15 కిలోలే. విశాఖ నుంచి డాలస్ దాకా ఒకే టికెట్ మీద కొంటే సాధారణంగా పెద్ద పరిమితే వర్తిస్తుంది, కానీ ఆ సంగతి నాకు తెలిసేసరికి టికెట్ అయిపోయింది. ఆవకాయ, పలాస జీడిపప్పు, భీమాలి తాండ్ర, పసుపు, పురిటి మందు దినుసులు, చీరలు... ఇవన్నీ పెట్టుకుని 15 కిలోలు అంటే కుదరదు. అందుకని రైలే నయమనుకున్నాం. భోగాపురంలో కొత్త విమానాశ్రయం పనులు అప్పటికి జరుగుతున్నాయి. అది మాకు గంట దారి. అక్కడి నుంచే పై దేశాలకు విమానాలు మొదలైతే మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు సగం అవస్థ తీరుతుంది.

ఆ నెల మొదట్లో విజయవాడలో బుడమేరు వరద వచ్చి రైళ్ళు ఆగిపోవడం చూశాం కాబట్టి రెండు రోజుల ముందే బయలుదేరాను. ఆదివారం మధ్యాహ్నం ఆమదాలవలసలో ఎక్కితే సోమవారం తెల్లవారాక సికింద్రాబాదులో దిగాను. పదహారు గంటలు. రైలు దారి దాదాపు 800 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డాలస్‌కు కూడా పదహారు గంటలే, 12,900 కిలోమీటర్లు. రైలు దిగి మా తమ్ముడి ఇంట్లో కాఫీ తాగుతూ, ఇప్పుడు కూర్చున్నంతసేపే అక్కడ కూర్చోవాలి అనుకున్నాను. ఆ పోలికతో నా భయం చాలా తగ్గింది. ఎవరైనా మొదటిసారి వెళ్తుంటే వాళ్ళకు నేను ఇదే చెబుతున్నాను. మనం ఎక్కిన రైలు ఎంత దూరమో గుర్తుంటే విమానంలో గంటలు అర్థమవుతాయి.

మంగళవారం సాయంత్రం శంషాబాద్ వెళ్ళే దారిలో కారు అద్దంలోంచి సూర్యుడు అస్తమించడం చూశాను. ఆరూ పది. చేతికి మా నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీ ఉంది, కీ ఇచ్చేది. దాన్ని ఎక్కడా మార్చకూడదని నిర్ణయించుకున్నాను. ఫోను ఎటూ ఏ ఊరికి ఆ ఊరి వేళ చూపిస్తుంది. ఈ వాచీ మాత్రం మా ఇంటి వేళే చూపించాలి.

సామాను ఇచ్చే లైన్లో నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మాట వినగానే మా వైపు మనిషని తెలిసింది. సోంపేట దగ్గరట. కొడుకు దగ్గరికి, అదే విమానంలో డాలస్‌కే. “పొద్దున్నకి దిగిపోతావమ్మా అన్నాడు మా గుంటడు. రాత్రి తినేసి ఎక్కితే ఇంక అక్కడే టిఫిను” అంది. షుగర్ మాత్రలు ఎక్కడున్నాయని అడిగాను. పెద్ద పెట్టెలో, బట్టల కింద. నాకు గుండె గుభేలుమంది. ఆ పెట్టె ఇంకో పది నిమిషాల్లో బెల్టు మీద వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆవిడ చేతికి దొరికేది డాలస్‌లోనే. లైన్లోంచి పక్కకు వచ్చి, నేల మీదే కూర్చుని పెట్టె తెరిచాం. మాత్రలు, డాక్టరు చీటీ, రెండు అరటిపళ్ళు, బిస్కెట్లు చేతిసంచిలోకి మార్చాం. నా తెల్లకాగితం చూపించి ఇరవై రెండు గంటలు అని చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ కొడుకు అబద్ధం చెప్పలేదు. టికెట్ మీద ఉన్నదే చదివాడు. కానీ ఆ చదివిన తీరు వల్ల ఒక షుగర్ మనిషి ఇరవై రెండు గంటలు మాత్ర లేకుండా ఉండేది. పెద్దవాళ్ళను ఒంటరిగా పంపేవాళ్ళు దయచేసి ఈ ఒక్క లెక్క మన వేళలో రాసి వాళ్ళ చేతికివ్వండి. తెలుగులో, పెద్ద అక్షరాలతో.

నాకు థైరాయిడ్ మాత్ర ఉంది, ఉదయం అయిదున్నరకు. ప్రయాణంలో మన వేళ ప్రకారమే వేసుకుని, చేరాక అక్కడి ఉదయానికి మార్చుకోమని మా డాక్టరుగారు ముందే చెప్పారు. దుబాయ్‌లో లేచిన విమానంలో వాచీ అయిదున్నర చూపించగానే వేసుకున్నాను.

దుబాయ్‌లో రెండున్నర గంటల వ్యవధి. మొదట మాకు గంటా పది నిమిషాల వ్యవధి ఉన్న టికెట్ చూపించారు, నాలుగు వేలు తక్కువ. వద్దన్నాను. మంచిపని చేశాను. దిగి నడిచి, మళ్ళీ తనిఖీ, రైలెక్కి ఇంకో వైపుకు, మళ్ళీ నడక. అమెరికా విమానం గేటు దగ్గర చేతిసంచులు ఇంకోసారి చూశారు. కూర్చునేసరికి విమానం తలుపులు వేయడానికి ఎంతోసేపు లేదు. సోంపేట ఆవిడకు కొడుకు చక్రాల కుర్చీ చెప్పి ఉంచాడు. అది చాలా మంచిది. కాళ్ళు బాగున్నా, భాష రానివాళ్ళకు ఆ కుర్చీ తోసే మనిషే పెద్ద దిక్కు. నేను వాళ్ళ వెనకే నడిచాను.

ఇక ఆ పదహారు గంటలు. నాకు ఎడమవైపు కిటికీ దొరికింది. ముందు సీటు వెనక చిన్న తెర మీద మ్యాపు, వేగం, ఎత్తు, ఇంకా ఎంత దూరం ఉందో వస్తూ ఉంటాయి. సినిమాలేవీ పెట్టలేదు, అదే చూశాను. వేగం 800కు అటూ ఇటూ. స్కూల్లో దారం పోయినట్టే విమానం బొమ్మ ఉత్తరానికి ఎక్కుతూ వెళ్ళింది. ఇరాన్ వైపు నుంచి యూరప్ మీదుగా ఐస్‌లాండ్ దిక్కుకు. రెండు గంటలకోసారి లేచి వెనకదాకా నడిచి వచ్చాను. కాళ్ళు వాయకుండా ఉండడానికి అంతకు మించిన మందు లేదు.

వాచీలో పన్నెండున్నర. మధ్యాహ్నం పన్నెండున్నర. మా ఇంట్లో అత్తగారు అన్నం తినే వేళ. బయట మాత్రం చీకటి. కిటికీ తెర కొంచెం ఎత్తి చూస్తే రెక్క వెనక, ఆకాశం అంచున సన్నటి ఎర్రగీత. తెల్లవారబోతోంది అనుకున్నాను. మన ఊళ్ళో ఆ గీత కనిపించాక అరగంటకో ముప్పావుగంటకో సూర్యుడు వచ్చేస్తాడు. ఒంటిగంటన్నరైంది. గీత అలాగే ఉంది. రెండున్నరకు కాస్త నారింజ రంగు వచ్చింది. కింద తెల్లగా ఏదో పరచుకుని ఉంది, మబ్బో మంచో చీకట్లో తెలియలేదు. మ్యాపులో గ్రీన్‌లాండ్ దక్షిణ కొన. మూడున్నరైంది. ఇంకా తెల్లవారుతూనే ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. భూమి తూర్పుకు తిరుగుతుంది, మేం పడమరకు పోతున్నాం. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మా విమానం దాన్ని అందుకోలేదు. కానీ పైకి, 60, 65 డిగ్రీల అక్షాంశానికి వెళ్ళేసరికి ఆ వృత్తం చిన్నదైపోతుంది. అక్కడ నేల వేగం గంటకు 700, 800 కిలోమీటర్లే. మేమూ అంతే. ఉదయం ఎంత వేగంగా మా వెనక వస్తోందో మేమూ అంతే వేగంగా ముందుకు పోతున్నాం. అందుకే ఆ ఎర్రగీత గంటల తరబడి కదలకుండా నిలబడిపోయింది. అక్షాంశం పెరిగేకొద్దీ ఆ వృత్తం ఎంత తగ్గుతుందో చెప్పేది కొసైన్. దాని విలువ అంటూ ఎన్నేళ్ళు చెప్పానో, దాన్ని కిటికీలో కళ్ళతో చూడడం అదే మొదలు. చుట్టూ అందరూ నిద్రపోతున్నారు. ఎవరికైనా చెప్పాలనిపించింది. సోంపేట ఆవిడ అయిదు వరసల వెనక ఉంది.

విమానం దక్షిణానికి మళ్ళాక, కెనడా మీద సూర్యుడు వచ్చాడు. వాచీ చూశాను. సాయంత్రం నాలుగుంబావు. శంషాబాద్ దారిలో అస్తమించింది ఆరూ పదికి. అంటే ఆ రాత్రి ఇరవై రెండు గంటలు. నా జన్మలో అంత పొడుగాటి రాత్రి లేదు.

డాలస్‌లో అధికారి నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎవరింట్లో, తినేవి ఏం తెచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాంసం పచ్చళ్ళేవీ లేవు కాబట్టి ఇబ్బంది రాలేదు. బయట అల్లుడు నిలబడి ఉన్నాడు. సోంపేట ఆవిడ కొడుకు కూడా వచ్చాడు. ఆవిడ నన్ను చూపించి ఏదో చెబుతోంది. అతను వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వద్దని ఆపాను.

మొదటి వారం ఒళ్ళు మాట వినలేదు. అక్కడి పగలు పన్నెండంటే ఒంటికి రాత్రి పదిన్నర. తెల్లవారుజామున రెండింటికి మెలకువ. “అత్తయ్య గారూ, మధ్యాహ్నం మాత్రం పడుకోకండి, ఎండలో తిరుగుదాం రండి” అని అల్లుడు రోజూ నడకకు తీసుకెళ్ళేవాడు. ఆ ఎండే నన్ను దారిలో పెట్టింది.

మనవరాలు శుక్రవారం, అక్టోబరు 18 రాత్రి 9:10కి పుట్టింది. ఇక్కడ ఆమదాలవలసలో అప్పుడు శనివారం, 19, ఉదయం 7:40. అత్తగారు క్యాలెండరులో 19 మీద సున్నా చుట్టించింది. అమ్మాయి 18 అంటుంది. మా పురోహితులు గారు ఫోనులో ముందు అడిగిన మాట: “ఏ ఊళ్ళో పుట్టింది, ఆ ఊరి గడియారంలో ఎంతైంది?” మన వేళకు మార్చి చెప్పొద్దని కూడా అన్నారు. టికెట్లు తీసిపెట్టే ఆయనకు తెలియని సంగతి ఆయనకు తెలుసు. పొందూరు గుడ్డలో చుట్టి వీడియోలో చూపిస్తే అత్తగారు మనవరాలి బిడ్డను చూడలేదు, ముందు ఆ గుడ్డనే చూసింది.

రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు మావారికి ఫోను చేసేదాన్ని. ఇక్కడ ఉదయం ఏడు. నవంబరు 3న అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. వేసవి వేళ అయిపోయి చలికాలం వేళ వచ్చిందన్న మాట. నేను మామూలుగానే ఎనిమిదిన్నరకు చేశాను. ఇక్కడ ఎనిమిదైంది. ఆ గంటసేపూ పచ్చిబాలింత ఇల్లు కదా, ఏమైందోనని మావారు టెన్షన్‌తో వీధి అరుగు మీదే కూర్చున్నారట. అప్పటి నుంచి తేడా పదకొండున్నర గంటలు. తిరుగు ప్రయాణం టికెట్ చదివేటప్పుడు ఈ గంట మరిచిపోతే మళ్ళీ లెక్క తప్పుతుంది.

2025 ఫిబ్రవరి 13, గురువారం ఉదయం 11:50కి డాలస్‌లో బయలుదేరాను. ఈసారి దుబాయ్‌కు పదహారు గంటలు కాదు, పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలే. తెర మీద వేగం ఒక దశలో 1,100 దాటింది. విమానం అదే, దూరం అదే. పైన తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఒక గాలి ఏరు పారుతుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. ఉష్ణమండలం వేడికీ ధ్రువం చలికీ ఉన్న తేడా వల్ల, భూమి తిరగడం వల్ల పుట్టే గాలి అది. చలికాలంలో ఆ తేడా ఎక్కువ, గాలి జోరూ ఎక్కువ. మన వంశధారలో వాలుకు పోయే పడవకూ ఎదురెక్కే పడవకూ ఉండే తేడాయే. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా వాళ్ళు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా వెళ్ళింది ఈ గాలి కోసమే. దారి 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగినా పద్నాలుగున్నర గంటల్లో, మునుపటికంటే ముందే చేరారు. దూరం ఎక్కువైతే సమయం ఎక్కువవాలన్న మన మామూలు లెక్క అక్కడ పనిచేయలేదు.

శుక్రవారం రాత్రి 8:20కి శంషాబాద్‌లో దిగాను. నాన్నగారి వాచీ కూడా 8:20 చూపించింది. ఆ వాచీకి రోజూ కీ ఇచ్చాను గానీ, ముల్లు మాత్రం ఏ ఊరి వేళకూ తిప్పలేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు స్కూలుకు వెళ్ళాను, జీడిపప్పు పట్టుకెళ్ళిన డబ్బాలో అమెరికా చాక్లెట్లు వేసుకుని. అదే తొమ్మిదో తరగతి. బోర్డు మీద రాశాను: డాలస్‌లో గురువారం పగలు 11:50, హైదరాబాదులో శుక్రవారం రాత్రి 8:20. ప్రయాణం ఎంత?

“ముప్పై రెండున్నర” అని అరిచారు నలుగురు.

దారం లాగిన అబ్బాయి లేచి, “కాదు, పదిన్నర తియ్యాలి. ఇరవై రెండు గంటలు” అన్నాడు.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. “మేడం, మీరు అక్కడుండగా వాళ్ళు గడియారం మార్చారు కదా, మా మావయ్య చెప్పాడు. పదకొండున్నర తియ్యాలి. ఇరవై ఒకటి.”

“ఇరవై ఒకటే” అన్నాను.

“మరి ఎల్లినప్పుడు ఇరవై రెండు గంటల ఇరవై నిమిషాలు అన్నారు. ఒకటే దారి కదా?”

నేను సుద్దముక్క కింద పెట్టి, గ్లోబు తెమ్మన్నాను.